హాస్టల్ ఒకచోట, ఓటు ఇంకోచోట: స్థానిక ఉప ఎన్నికల్లో స్టూడెంట్లు ఎందుకు కనిపించరు?

[తెర మీద: సాయంత్రం వేళ నెల్లూరు ఆర్టీసీ బస్టాండ్. ఉదయగిరి బస్సు కోసం నిలబడ్డ కాలేజీ పిల్లలు.]

నమస్తే. 2024 మే 13 మీకు గుర్తుండే ఉంటుంది. అసెంబ్లీకీ పార్లమెంటుకీ ఒకేరోజు పోలింగ్. హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ జనం సీటు దొరక్కపోయినా నిలబడి వచ్చి మరీ ఓటేశారు. రాష్ట్రంలో పోలింగ్ 80 శాతం దాటింది. నెల్లూరులో, ఒంగోలులో చదువుకునే పిల్లలు కూడా బ్యాగు సర్దుకుని ఊరికి పోయారు. సిరా చుక్క పడ్డ వేలు ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టుకున్నారు.

అదే పిల్లల్ని, మీ ఊళ్లో ఎంపీటీసీ, అంటే మండల పరిషత్ సభ్యుడి స్థానానికి, ఉప ఎన్నిక ఎప్పుడు జరిగిందని అడగండి. "జరిగిందా?" అంటారు.

ఇక్కడే పెద్దవాళ్లు తీర్పు చెప్పేస్తారు, ఈ కాలం పిల్లలకు ఫోన్ తప్ప ఏదీ పట్టదని. నేను ఆ మాట ఒప్పుకోను. పట్టనివాళ్లైతే మే నెల ఎండల్లో అంత దూరం ఎందుకు వస్తారు? అప్పుడు వచ్చినవాళ్లు ఉప ఎన్నికకు ఎందుకు రావడం లేదన్నది తేల్చుకోవాలి.

[తెర మీద: రాష్ట్ర పటం, అందులో నెల్లూరు, ప్రకాశం జిల్లాలు వెలుగుతాయి.]

ముందు ఉప ఎన్నిక సంగతి. గెలిచిన మనిషి చనిపోయినా, రాజీనామా చేసినా, అనర్హత పడినా ఆ సీటు ఖాళీ అవుతుంది. మిగిలిన కాలానికి ఇంకొకరిని ఎన్నుకోవాలి. పంచాయతీ, మండలం, జిల్లా పరిషత్, మున్సిపాలిటీ, వీటి ఎన్నికలు జరిపేది ఢిల్లీలోని కేంద్ర ఎన్నికల సంఘం కాదు. ఆ పని రాష్ట్ర ఎన్నికల సంఘానిది. 1992 నాటి 73, 74వ రాజ్యాంగ సవరణలు ఆ బాధ్యతను దానికి అప్పగించాయి.

ఇవి ఎక్కడో జరిగేవి కావు. 2025లో రాష్ట్ర ఎన్నికల సంఘం పులివెందుల, ఒంటిమిట్ట జెడ్పీటీసీ (జిల్లా పరిషత్ సభ్యుడి) స్థానాలకు ఉప ఎన్నికలు ప్రకటించింది. టీవీల్లో రోజుల తరబడి ఆ రెండు పేర్లే వినిపించాయి. అదే నోటిఫికేషన్‌లో మన కొండపి పంచాయతీ ఉంది, మన విడవలూరు ఎంపీటీసీ స్థానం కూడా ఉంది. ఒంగోలు హాస్టల్లో ఉండే కొండపి కుర్రాడికి తన ఊరి ఎన్నిక కన్నా పులివెందుల ఎన్నిక గురించే ఎక్కువ తెలిసి ఉంటుంది. అందులో వాడి తప్పేముంది?

(చిన్న మాట. ఎంపీపీ (మండల పరిషత్ అధ్యక్షుడి) ఉప ఎన్నిక, డిప్యూటీ మేయర్ ఎన్నిక అని పేపర్లో వచ్చేవాటిలో మనకు ఓటు ఉండదు. గెలిచిన సభ్యులు తమలో తాము ఎన్నుకునేవి అవి.)

ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి.

[తెర మీద: 2021 పంచాయతీలు, 80 శాతం పైన. 2021 మార్చి 10 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు, 62 శాతం.]

2021 ఫిబ్రవరిలో రాష్ట్రమంతా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. పోలింగ్ 80 శాతం పైమాటే. నెల తిరక్కుండానే మార్చి 10న మున్సిపాలిటీలకు, కార్పొరేషన్లకు జరిగాయి. ఒంగోలు కూడా ఆ రోజే ఓటేసింది. రాష్ట్రం మొత్తం మీద 62 శాతం దగ్గర ఆగిపోయింది. పల్లెలో వార్డంటే చాలాచోట్ల కొన్ని వందల ఓట్లు. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో సాయంత్రానికి ఊరందరికీ తెలుస్తుంది. టౌన్లో పక్క పోర్షన్‌లో ఉన్నదెవరో తెలియదు.

ఓటేయనివాళ్లలో స్టూడెంట్లు ఎందరు? ఆ లెక్క ఎవరి దగ్గరా లేదు. పోలింగ్ లెక్కల్లో పురుషులు, మహిళలు, ఇతరులు అని ఉంటుంది కానీ విద్యార్థులు అని ఒక గడి ఉండదు. కాబట్టి ఇంత శాతం స్టూడెంట్లు ఓటేయలేదని ఎవరైనా ఖచ్చితంగా చెబితే, ఎక్కడి నుంచి తెచ్చారని అడగండి. అంకె లేదు సరే, కారణం మాత్రం కళ్ల ముందే ఉంది.

[తెర మీద: ఫోన్ స్క్రీన్. "నాన్న" అని కాల్ వస్తోంది.]

ఉదయగిరి పక్క పల్లె నుంచి వచ్చి నెల్లూరులో డిగ్రీ చదివే అమ్మాయి ఉందనుకుందాం. ఇంటి నుంచి ఫోన్ వస్తుంది.

"అమ్మా, ఆదివారం ఓట్లంట. వస్తుండావా?"

"సోమవారం ఇంటర్నల్స్ నాన్నా. శనివారం సాయంత్రం దాకా క్లాసులు ఉండాయి."

"సరేలేమ్మా, చదువుకో. ఒక్క ఓటుకు ఏం వచ్చిందిలే."

పోలింగ్‌లో ఒక ఓటు తగ్గేది ఈ మూడు మాటల మధ్యనే. నాన్న మంచి మనసుతోనే అన్నాడు, ఆ అమ్మాయి బద్ధకమూ లేదు. నెల్లూరు నుంచి ఉదయగిరి దాదాపు వంద కిలోమీటర్లు, అక్కడి నుంచి పల్లెకు ఆటో. 2025 ఆగస్టు 15 నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి డబ్బు సమస్య కాదు. సమస్యల్లా టైము. సార్వత్రిక ఎన్నికలైతే రాష్ట్రమంతా సెలవు. ఉప ఎన్నికకు సెలవు ఆ ఊరికి, ఆ మండలానికి మాత్రమే. పామూరులో పనిరోజున పోలింగ్ పడితే ఒంగోలులో కాలేజీ మామూలుగా నడుస్తుంది. అటెండెన్స్ పోతుంది, ల్యాబ్ పోతుంది. మళ్లీ పెట్టమని లెక్చరర్‌ను బతిమాలుకోవాలి. పోస్టల్ బ్యాలెట్ అడుగుదామా అంటే స్టూడెంట్లకు ఆ సౌకర్యం లేదు. ఎక్కడున్నా అక్కడి నుంచే సొంతూరి ఓటు వేసే మెషీన్ తెస్తామని 2022 డిసెంబరులో కేంద్ర ఎన్నికల సంఘం ఒక నమూనా ప్రకటించింది. 72 నియోజకవర్గాల ఓట్లు ఒకే మెషీన్ మీద వేయొచ్చన్నారు. పార్టీలు అభ్యంతరాలు చెప్పాయి, అది అమల్లోకి రాలేదు.

మరి దారి లేదా? ఉంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం అదే. చట్టం తలుపు తెరిచే ఉంచింది, ఆ సంగతి పిల్లలకు చెప్పేవాళ్లు లేరు.

[తెర మీద: ఫారం 8, చిరునామా మార్పు గడి దగ్గరగా.]

హాస్టల్లోనో అద్దె రూములోనో ఉండి చదువుకునే విద్యార్థికి ఎన్నికల సంఘం రెండు అవకాశాలు ఇచ్చింది. అమ్మానాన్నల ఇంటి దగ్గర ఓటు ఉంచుకోవచ్చు, లేదంటే హాస్టల్ చిరునామాకు మార్చుకోవచ్చు. కోర్సు గుర్తింపు ఉన్నదై ఉండాలి, కనీసం ఏడాది పాటు ఉండేది కావాలి. ప్రిన్సిపాలో రిజిస్ట్రారో సంతకం చేసిన బోనఫైడ్ సర్టిఫికెట్ జత చేయాలి. అంతే.

ఓటు కొత్తగా రాయించుకునేవాళ్లకు ఫారం 6. ఇప్పటికే ఊళ్లో ఓటుండి మార్చుకునేవాళ్లకు ఫారం 8. ఫారం 8లో నాలుగు పనులు ఉంటాయి. చిరునామా మార్పు, తప్పుల సవరణ, కార్డు మళ్లీ తీసుకోవడం, వైకల్యం నమోదు. మీరు టిక్ పెట్టాల్సింది చిరునామా మార్పు దగ్గర. ఇక్కడ ఒక జాగ్రత్త. ఊళ్లో ఓటు ఉండగా ఫారం 6 పెట్టి రెండో ఓటు తెచ్చుకోవద్దు. ఒక మనిషి పేరు రెండుచోట్ల ఉండకూడదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. తెలిసి అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. ఎవరో లీడరు వచ్చి "రెండూ ఉంచుకో తమ్ముడూ, ఏం కాదు" అంటే వినకండి.

అప్లికేషన్‌లో హాస్టల్ డోర్ నెంబరు చాలా ముఖ్యం. అసెంబ్లీ ఓటర్ల జాబితానే వార్డులుగా విడదీసి స్థానిక ఎన్నికలకు వాడతారు. మీ డోర్ నెంబరు కార్పొరేషన్‌లో ఏ డివిజన్‌లో (వార్డులో) పడితే మీ కార్పొరేటర్ ఓటు అక్కడే. విక్రమ సింహపురి యూనివర్సిటీనే చూడండి. పేరు నెల్లూరుదే అయినా క్యాంపస్ ఉన్నది వెంకటాచలం మండలం కాకుటూరులో. అక్కడి హాస్టల్ చిరునామాతో నమోదైతే నెల్లూరు కార్పొరేషన్‌లో ఓటు రాదు. అసెంబ్లీకి సర్వేపల్లి ఓటు వస్తుంది, పంచాయతీ, మండల పరిషత్ ఓట్లు వస్తాయి. అదే యూనివర్సిటీలో చదువుతూ వేదాయపాళెంలో రూము తీసుకున్న స్టూడెంటుకు కార్పొరేషన్ ఓటు వస్తుంది. ఒకే క్లాసులో పక్కపక్కన కూర్చునే ఇద్దరి ఓట్లు వేరువేరు పాలకవర్గాలకు పడతాయన్నమాట.

రూము ఇచ్చిన ఓనర్లతో ఒక చిక్కు ఉంది. బాడుగకున్న పిల్లలు ఆ చిరునామాకు ఓటు రాయించుకుంటామంటే కొందరు భయపడతారు, రేపు ఇల్లు మాదంటారేమోనని. ఓటరు జాబితాలో పేరుంటే ఇంటి మీద ఏ హక్కూ రాదు. ఆ మాట మర్యాదగా చెప్పండి, చాలామంది అర్థం చేసుకుంటారు.

[తెర మీద: ఒంగోలులో ఒక హాస్టల్ ముందు ఆగిన వాటర్ ట్యాంకర్. పైపు పట్టుకుని బకెట్లు నింపుతున్న పిల్లలు.]

"మూడేళ్లు ఉండి వెళ్లిపోయేవాళ్లం, మాకెందుకు కార్పొరేటర్ ఓటు?" అని మీరు అడగొచ్చు. ఒంగోలులో చదివే పిల్లల్ని కదిపితే మొదట వచ్చేది నీళ్ల మాటే. సాగర్ కాలువ నీళ్లు సమ్మర్ స్టోరేజీ ట్యాంకులకు చేరాలి, అక్కడి నుంచి ఊరికి రావాలి. కాలువ ఆలస్యమైతే కుళాయి ఆలస్యం. అప్పుడు ట్యాంకర్ ఏ వీధికి ముందు వస్తుంది? పెద్ద వాన పడితే పోతురాజు కాలువ పొంగి ఎవరి రూముల్లోకి నీళ్లొస్తాయి? నెల్లూరులో దోమల సంగతి నేను వేరే చెప్పాలా? కాలువ పూడిక తీయించేది, ఫాగింగ్ చేయించేది, రాత్రి ట్యూషన్ నుంచి నడిచొచ్చే సందులో లైటు వేయించేది ఎమ్మెల్యే కాదు, ఎంపీ కాదు. ఆ పనులు మున్సిపాలిటీవి.

ఎన్నికలప్పుడు అభ్యర్థి మనుషులు ఓటర్ల జాబితా చేతిలో పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. వరసగా హాస్టళ్లు ఉన్న వీధి వస్తుంది. వందల మంది ఉంటారు, జాబితాలో మాత్రం వాచ్‌మన్ కుటుంబం పేర్లే కనిపిస్తాయి. ఇక ఆ వీధిలో ఎందుకు ఆగుతారు? గెలిచాక మాత్రం ఎందుకు గుర్తుపెట్టుకుంటారు? నీళ్లు రాని వీధి, లైటు లేని సందు ఎప్పుడూ స్టూడెంట్లు ఉండే చోటే ఎందుకవుతుందో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

అందరూ టౌన్‌కు ఓటు మార్చుకోవాలని నేను చెప్పను. వారం వారం ఇంటికి పోయేవాళ్లు, పొలం, రేషన్, పెన్షన్ అన్నీ ఊరితోనే ముడిపడినవాళ్లు ఓటు ఊళ్లోనే ఉంచుకోండి, ఉప ఎన్నిక వచ్చినప్పుడు తప్పకుండా పోండి. సంక్రాంతికీ వేసవికీ తప్ప ఊరికి పోనివాళ్లు మాత్రం ఒక్కసారి ఆలోచించండి. మన టంగుటూరి ప్రకాశం పంతులు పుట్టింది ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో. చదువు కోసం రాజమండ్రి వెళ్లారు, అక్కడే ప్లీడరు అయ్యారు, ఆ ఊరి మున్సిపాలిటీకే ఛైర్మన్ అయ్యారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన మనిషి రాజకీయంలో తొలి అడుగులు వేసింది తను బతుకుతున్న ఊరి మున్సిపాలిటీలో. ఒంగోలులో ఆయన పేరు మీదే ఆంధ్ర కేసరి యూనివర్సిటీ ఉంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మన రాష్ట్రంలో యూనివర్సిటీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు దశాబ్దాలుగా లేవు. నామినేషన్ ఎలా వేయాలి, ఓట్లు ఎలా అడగాలి, ఓడిపోతే ఎలా తీసుకోవాలి అన్నవి క్యాంపస్‌లో నేర్చుకునే వీలే లేదు. ఎమ్మెల్యేగా నిలబడాలంటే 25 ఏళ్లు నిండాలి కానీ వార్డు మెంబరుకు, సర్పంచ్‌కు, కార్పొరేటర్‌కు 21 నిండితే చాలు. పీజీ చదివే స్టూడెంటు ఉప ఎన్నికలో నామినేషన్ వేయొచ్చు. ఆ పంచాయతీలోనో ఆ మున్సిపాలిటీలోనో ఓటరై ఉండాలి.

కాలేజీల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు నా మనవి ఒకటే. ఉప ఎన్నిక ఉన్న ఊరి పిల్లలు ముందుగా లెటర్ రాసిస్తే ఆ ఒక్కరోజు అటెండెన్స్ ఇవ్వండి. ఆ రోజు ఇంటర్నల్ ఉంటే ఇంకోరోజు పెట్టండి. మీ రిజిస్టర్‌లో అది ఒక గీత, అంతకుమించి ఖర్చేమీ లేదు.

[తెర మీద: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1.]

తేదీల సంగతి చెప్పి ముగిస్తాను. ఇంతకుముందు జనవరి 1 నాటికి 18 నిండితేనే ఆ ఏడాది ఓటు వచ్చేది. ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలున్నాయి, 17 నిండినవాళ్లు ముందే అప్లై చేసి ఉంచవచ్చు. అప్లై చేశాక అభ్యంతరాలకు వారం గడువు ఉంటుంది, బీఎల్‌ఓ (పోలింగ్ బూత్ స్థాయి అధికారి) వచ్చి విచారిస్తారు, ఆ తర్వాతే పేరు ఎక్కుతుంది. ఉప ఎన్నిక నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే పని జరగదు. మీ పేరు ఇప్పుడు ఎక్కడుందో తెలియకపోతే 1950కి ఫోన్ చేసి కనుక్కోండి.

కాలేజీ తెరవగానే స్కాలర్‌షిప్ కోసం, బస్ పాస్ కోసం ఎలాగూ బోనఫైడ్ తీసుకుంటారు. ఆఫీసులో లైన్లో నిలబడ్డప్పుడే ఇంకొకటి అడగండి, ఓటు కోసమని చెప్పి. ఎన్నికల సంఘం ఇచ్చిన నమూనా ప్రింట్ తీసుకుని పోతే క్లర్కు గారికి వివరించే శ్రమ కూడా ఉండదు.