మళ్లా ఎందుకమ్మా సూది?

శ్రోతలందరికీ నమస్కారం.

కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు టీకాల పని చేసినవాళ్లను ఎవరిని కదిలించినా ఒక మాట చెబుతారు. పసిబిడ్డకు సూది వేయించమని ఇప్పుడు ఎవరినీ పెద్దగా బతిమాలాల్సిన పని లేదు. కాన్పులు ఆసుపత్రిలోనే అవుతున్నాయి. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి అక్కడే పడిపోతున్నాయి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు తల్లులే బిడ్డల్ని ఎత్తుకొని వస్తారు. తొమ్మిది నెలలకు తట్టు టీకా కూడా వేయిస్తారు. ఏడాదిన్నర వయసుకు డీపీటీ బూస్టరు, అంటే డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా ముందు వేసిన టీకా బలాన్ని మళ్లీ పెంచే సూది, అనేసరికి కొందరు వెనకాడతారు. అయిదేళ్లు నిండాక వేసే రెండో బూస్టరు అంటే చాలా ఇళ్లలో అసలు గుర్తే ఉండదు. గుర్తు చేయడానికి వెళ్తే గడపలోనే ప్రశ్న ఎదురవుతుంది.

"అన్నీ ఏసినారు కదమ్మా, మళ్లా ఎందుకు సూది? మొదట ఏసింది పని చేయలేదా ఏంది?"

ఆరోగ్య పర్యవేక్షకురాలిగా పని చేసినన్నాళ్లూ ఈ ప్రశ్న విన్నాను. ఇది మొండితనంతో అడిగేది కాదు. బిడ్డ ఏడుస్తాడు, ఒళ్లు వెచ్చబడుతుంది, ఒక రోజు కూలి పోతుంది. అలాంటప్పుడు ఎందుకని అడిగే హక్కు ఆ తల్లికి ఉంది. మేమే చాలాసార్లు "వేయించాలమ్మా, అంతే" అని ముందుకు నడిచాం. ఈ పూట తీరిగ్గా జవాబు చెబుతాను.

టీకా వేస్తే ఒంట్లో రెండు పనులు జరుగుతాయి. రోగాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలు రక్తంలో తయారవుతాయి. అవసరమైనప్పుడు వాటిని మళ్లీ తయారు చేయగల కణాలు కొన్ని ఒంట్లో నిలిచిపోతాయి. యాంటీబాడీలు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతాయి. టీకా చెడిపోయి కాదు, ఒంటి తీరే అంత. హెపటైటిస్ బి లాంటి రోగం ఒంట్లో ముదరడానికి వారాలు, నెలలు పడుతుంది. ఆలోపు నిలిచి ఉన్న కణాలు మళ్లీ పనిలోకి దిగుతాయి. అందుకే చిన్నప్పుడు అన్ని డోసులూ పడితే ఆ టీకాకు మామూలుగా బూస్టరు అక్కర్లేదు. తట్టు టీకా రెండు డోసులు పడితే సాధారణంగా జీవితాంతం సరిపోతుంది. డిఫ్తీరియా, ధనుర్వాతం అలాంటివి కావు. వాటి క్రిములు విషాన్ని వదులుతాయి, మనిషిని చంపేది ఆ విషమే. అది గుండెనో నరాలనో పట్టుకునే వేళకు రక్తంలో యాంటీబాడీలు అప్పటికే తగినన్ని ఉండాలి. అవి తగ్గిపోయే సమయం చూసి మళ్లీ పెంచడానికే బూస్టరు. మొదటి సూది పని చేసింది కాబట్టే రెండోది దాని మీద ఇంకా బలంగా పని చేస్తుంది.

డిఫ్తీరియా గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మన పెద్దలు దీన్ని కంఠసర్పి అనేవాళ్లు. ఈ కాలపు తల్లులు చాలామంది దాన్ని చూడలేదు, చూడకపోవడం వాళ్ల అదృష్టం. మామూలు గొంతునొప్పిలాగే మొదలవుతుంది. జ్వరం కూడా పెద్దగా ఉండదు. రెండు మూడు రోజుల్లో గొంతు లోపల బూడిదరంగు పొర పేరుకుంటుంది. మెడ ఉబ్బుతుంది. బిడ్డ మింగలేడు, ఊపిరి అందదు. గొంతు గండం తప్పినా, వారం రెండు వారాల తర్వాత విషం గుండె కండరాన్ని దెబ్బతీసి ప్రాణం పోయిన పిల్లలు ఉన్నారు. ఈ రోగానికి యాంటీబయాటిక్ మాత్రమే చాలదు. విషాన్ని విరిచే సీరం కావాలి. దాన్ని గుర్రాల రక్తం నుంచి తయారు చేస్తారు, అది అన్ని ఊళ్లలోనూ దొరకదు. దొరికినా తొందరగా ఎక్కించాలి, ఎందుకంటే కణాల్లోకి అప్పటికే చేరిన విషాన్ని ఆ సీరం ఏమీ చేయలేదు.

ఇది పాతకాలపు రోగం అనుకుంటే పొరపాటు. 2018లో మన దేశంలో 8 వేలకు పైగా డిఫ్తీరియా కేసులు నమోదయ్యాయి. ఆ ఏడాది ప్రపంచం మొత్తం మీద నమోదైన వాటిలో సగానికి పైగా మనవే. హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రి వైద్యులు ఈ రోగంతో వచ్చే పిల్లల్ని ఏళ్లుగా చూస్తూనే ఉన్నారు. ఒకప్పుడు ఇది అయిదేళ్లలోపు పసివాళ్ల జబ్బు. ఇప్పుడు ఎక్కువగా అయిదేళ్లు దాటిన బడి పిల్లల్లో, పెద్దవాళ్లలో కనిపిస్తోంది. మనం సూది మరిచిపోయే వయసు సరిగ్గా అదే.

అలాగని మన జనానికి బూస్టరు అంటేనే పడదనుకోకండి. చేలో మేకు గుచ్చుకున్నా, బండి మీద నుంచి పడి మోకాలు చెక్కుకుపోయినా, ఎవరూ చెప్పకుండానే ధనుర్వాతం రాకుండా వేసే టీటీ సూది కోసం పరుగెత్తుతారు. ఆరు నెలల కిందటే వేయించుకున్నవాళ్లు కూడా మళ్లీ చెయ్యి చాపుతారు. నిజానికి చిన్నప్పటి డోసులన్నీ పడినవాళ్లకు, శుభ్రమైన చిన్న గాయమైతే పదేళ్లలోపు, మట్టి, పేడ అంటిన గాయమైతే అయిదేళ్లలోపు మళ్లీ అవసరం ఉండదు. తుప్పు వల్ల ధనుర్వాతం వస్తుందన్నది కూడా నిజం కాదు, ఆ క్రిమి మట్టిలో ఉంటుంది. ఏమైనా ఈ భయం చాలా ప్రాణాలు కాపాడిందని నేను నమ్ముతాను. గర్భిణులకు ఆ సూది క్రమం తప్పకుండా వేయడం, కాన్పులు ఆసుపత్రులకు మారడం వల్లనే తల్లులకు, పురిటి బిడ్డలకు వచ్చే ధనుర్వాతం దేశంలో నిర్మూలన స్థాయికి చేరిందని 2015లో ప్రకటించారు. కొన్నేళ్లుగా టీటీ స్థానంలో టీడీ సూది ఇస్తున్నారు. అందులో ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియా టీకా కూడా ఉంటుంది. మేకు కంటికి కనిపిస్తుంది, గొంతులో చేరే క్రిమి కనిపించదు. అందుకే ఒకదానికి పరుగెత్తుతాం, ఇంకొకదానికి ఎందుకని అడుగుతాం.

ఇక కరోనా మూడో డోసు సంగతి. దాన్ని దాటేసి ఈ మాటలు చెప్పడం నిజాయితీ కాదు. 2021 ఎండాకాలంలో, రెండో వేవ్ అప్పుడు, టీకా కోసం మన ఊళ్లలో ఎలాంటి క్యూలు కట్టారో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాతి ఏడాది జనవరి 10న ప్రికాషన్ డోసు పేరుతో ఈ మూడో డోసు మొదలైంది, మొదట వైద్య సిబ్బందికి, ఫ్రంట్‌లైన్ వర్కర్లకు, జబ్బులున్న అరవై ఏళ్లు దాటినవాళ్లకు. ఏప్రిల్ 10 నుంచి పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లందరికీ అన్నారు గానీ, అరవైలోపు మామూలు జనం ప్రైవేటు ఆసుపత్రుల్లో డబ్బు కట్టి వేయించుకోవాల్సి వచ్చింది. అప్పట్లో టీకా ధర 225 రూపాయలు, దాని మీద సర్వీసు చార్జి 150 దాకా. కూలి చేసుకునే ఇంట్లో నలుగురుంటే ఎంతవుతుందో లెక్క వేసుకోండి. జూలై 15 నుంచి 75 రోజులు ఉచితంగా ఇచ్చారు. అప్పటికి జనంలో భయం పోయింది. రెండో డోసుకూ మూడో డోసుకూ మధ్య తొమ్మిది నెలలన్నది అదే జూలైలో ఆరు నెలలైంది. ఎందుకు మారిందో ఊళ్లో కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. దేశంలో రెండు డోసులు వేయించుకున్నవాళ్లు సుమారు 95 కోట్లైతే, మూడోది వేయించుకున్నది దాదాపు 23 కోట్లు.

తర్వాత 2024లో బ్రిటన్ కోర్టు వార్త వచ్చింది. మనం కోవిషీల్డ్ పేరుతో వేయించుకున్న టీకాను రూపొందించిన కంపెనీ, అది చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య తేవచ్చని కోర్టు పత్రాల్లో ఒప్పుకుంది. ఈ సమస్య గురించి వైద్యలోకానికి 2021లోనే తెలుసు, కొన్ని దేశాలు యువతకు ఆ టీకా ఆపేశాయి కూడా. కానీ మన పల్లెల్లో ఆ మాట మొదటిసారి వినిపించింది వాట్సాప్‌లో, మూడేళ్లు ఆలస్యంగా, పది రెట్ల భయంతో. అరుదైన సమస్య అని ముందే మామూలు మాటల్లో చెప్పి ఉంటే ఇంత టెన్షన్ పడేవాళ్లు కాదు.

కరోనా బూస్టర్లు అందరూ ఏటా వేయించుకోవాలని నేను చెప్పడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు కూడా 2023 మార్చిలో ఆ మాట అనలేదు. ఆరోగ్యంగా ఉన్న యువతకు మొదటి బూస్టరు తర్వాత మళ్లీ మళ్లీ సిఫారసు చేయబోమని, వృద్ధులకు, పెద్ద జబ్బులున్నవాళ్లకు, గర్భిణులకు మాత్రం అదనపు డోసు మేలని చెప్పారు. అంటే ఎవరికి కావాలో, ఎవరికి అక్కర్లేదో వైద్యశాస్త్రం ఎప్పటికప్పుడు చూసుకుంటూనే ఉంది. నన్ను కలవరపెట్టేది వేరే విషయం. కరోనా సూది మీద పుట్టిన అనుమానం, దానితో ఏ సంబంధమూ లేని అయిదేళ్ల బిడ్డ డీపీటీ మీదికి పాకింది. "ఆ సూదులతోనే సగం మందికి గుండెపోట్లు అంట, ఇంగ వద్దులే" అని అవ్వ అంటుంది. కోడలు ఎదురు చెప్పలేదు. డీపీటీ దశాబ్దాలుగా వేస్తున్న టీకా. ఆ అవ్వ పిల్లలకూ అదే వేశారు.

అనంతపురం గొర్రెల కాపరులను చూడండి. తొలకరికి ముందు మందకు చిటుక రోగం టీకా వేయిస్తారు. ఏటా వేయిస్తారు. వానలు పడి కొత్త పచ్చిక మేసిన గొర్రె పేగుల్లో క్రిమి పెరిగి విషం వదిలితే, పొద్దున బాగున్న జీవం సాయంత్రానికి ఉండదని వాళ్లకు తెలుసు. పశువులకు గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి వేసినా "మొన్ననే ఏసినారు కదా సార్" అని పశువుల డాక్టరును అడ్డుకునేవాళ్లు తక్కువే. ఇంకో విశేషం ఏమంటే, చిటుక రోగం క్రిమి, మనిషికి ధనుర్వాతం తెచ్చే క్రిమి ఒకే ప్రజాతికి చెందినవి. రెండూ విషంతోనే చంపుతాయి. మందలో జీవాలు పోవడం కాపరి కళ్లారా చూశాడు కాబట్టి సూదికి విలువ తెలుసు. కంఠసర్పితో బిడ్డ పోవడం ఈ తరం చూడలేదు. టీకా వల్లనే చూడలేదు.

జ్వరం మాట కూడా చెప్పాలి. డీపీటీ వేస్తే చాలామంది పిల్లలకు ఒకటి రెండు రోజులు జ్వరం, సూది వేసిన చోట వాపు, నొప్పి ఉంటాయి. ఇది ముందే చెప్తే తల్లి రాదేమోనని మా నర్సమ్మలు కొందరు మాట మింగేసేవాళ్లు. అది తప్పని నేను వాళ్లతో ఎన్నోసార్లు వాదించాను. చెప్పకుండా వేస్తే, రాత్రి బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే ఆ తల్లికి ఎంత భయం! మరుసటి సూదికి ఆమె రాకపోవడానికి ఆ ఒక్క రాత్రి చాలు. పక్కింటి వాళ్లనూ రానివ్వదు. కాబట్టి మీరే అడగండి. ఏ సూది వేస్తున్నారు, జ్వరం వస్తుందా, పారాసిటమాల్ బిడ్డ బరువుకు ఎంత పోయాలి, మళ్లీ ఎప్పుడు రావాలి. సూది వేశాక అరగంట అక్కడే కూర్చోండి. వాచిన చోట పసుపు, ఆకు పసరు రాయొద్దు, గట్టిగా రుద్దొద్దు. జ్వరం రెండు రోజులు దాటినా, బిడ్డకు ఫిట్స్ వచ్చినా, ఎంతసేపటికీ ఆపకుండా ఏడుస్తున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అధికారులకు కూడా నాదొక విన్నపం ఉంది. మన దగ్గర టీకాలు బుధ, శనివారాల్లో పొద్దుటి పూట వేస్తారు. పత్తి తీత, శనక్కాయ పీకే రోజుల్లో ఆ వేళకు తల్లి చేలో ఉంటుంది. కూలి వదులుకొని రమ్మనడం తేలిక, వదులుకోవడం కష్టం. అయిదేళ్ల బూస్టరు, పదేళ్లకు, పదహారేళ్లకు వేసే టీడీ బళ్లోనే వేయిస్తే, ముందురోజు తల్లిదండ్రులతో మాట్లాడి వేయిస్తే, సగం చిక్కు తీరుతుంది. కొన్నిచోట్ల అలా చేస్తున్నారు, అన్నిచోట్లా జరగాలి.

సుగ్గికి పోయే కుటుంబాలకు ఒక్క విషయం. దీపావళి దాటాక గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణకు పత్తి తీతకు పోతూ పిల్లల్ని వెంట తీసుకెళ్తారు. టీకాల కార్డు ఇంట్లో సందూకులోనే ఉండిపోతుంది. దాన్ని బట్టల మూటలో పెట్టుకోండి. ఫోన్‌లో ఫొటో తీసుకోండి. దేశంలో ఏ ఊరి ప్రభుత్వ కేంద్రంలోనైనా ఆ కార్డు చూపిస్తే మీ బిడ్డకు రావాల్సిన డోసు ఉచితంగా వేస్తారు. తేదీ దాటిపోయిందని సిగ్గుపడి మానేయకండి. ఒక డోసు తప్పితే మొదటి నుంచి మొదలు పెట్టాల్సిన అవసరం లేదు, ఆగిన చోటు నుంచే వేస్తారు. ఏడేళ్లు దాటిన పిల్లలకు డీపీటీ వేయరు, దాని బదులు టీడీ వేస్తారు. కార్డు పోయినా ఫర్వాలేదు, మీ ఊరి ఆశా కార్యకర్తను గానీ, ఏఎన్ఎం‌ను గానీ అడిగితే రిజిస్టరులో చూసి చెబుతారు.

నమస్కారం.