సుబాబుల్ ఆకు ఒంటరిగా పులవదు

గుణుపూర్, పర్లాకిమిడి, రాయగడ పక్కల ఊళ్ల నుంచి వచ్చిన రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

జేకేపూర్ కాగితం మిల్లుకి కర్ర తోలే లారీలు మనకి కొత్త కాదు. సుబాబుల్ కొడితే దుంగ లారీ ఎక్కుతుంది, ఆకు చేలోనే ఎండి పోతుంది. ఎండు బరువు లెక్కన ఆ ఆకులో నూటికి 20 నుంచి 25 పాళ్లు మాంసకృత్తులు. మొక్కజొన్న సైలేజిలో, అంటే గాలి తగలకుండా మాగవేసిన పచ్చిమేతలో, 8 పాళ్లే. ఎండాకాలం మన గేదెలకి కావలసిన బలమైన మేతని మనమే పారేస్తున్నాం.

అలాగని ఆకు ఒక్కదాన్నే మాగవెయ్యకండి. సైలేజి నిలవుండేది పులుపు వల్ల. చక్కెరని తిని సూక్ష్మజీవులు ఆ పులుపు తయారుచేస్తాయి. ఈ ఆకులో చక్కెర తక్కువ. పైగా అందులోని మాంసకృత్తులు, కాల్షియం పుట్టిన పులుపుని పుట్టినట్టే విరిచేస్తాయి. అప్పుడు చెడ్డ సూక్ష్మజీవులు చేరతాయి, సంచి విప్పితే మురిగిన వెన్న కంపు కొడుతుంది. అందుకే చక్కెర ఉన్న మొక్కజొన్న తోడు కావాలి. 75 కిలోల పచ్చి మొక్కజొన్నకి 25 కిలోల ఆకు కలిపితే మాంసకృత్తులు 12 పాళ్ల దగ్గరికి వస్తాయి. మొక్కజొన్న లేక నేపియర్ గడ్డి వాడితే నూరు కిలోలకి 3 కిలోల మొలాసిస్ (చక్కెర మిల్లు మడ్డి) తప్పనిసరి.

మొక్కజొన్నని గింజ పాలు పోయి పిండి పట్టేటప్పుడు, కర్రా కంకీ కలిపి కొయ్యాలి. సుబాబుల్ రెమ్మల్ని టార్పాలిన్ మీద నాలుగైదు గంటలు వాడ్చండి. నేల మీద ఆరేస్తే రాలిన ఆకంతా మట్టిపాలే. చిటికెన వేలికన్నా లావు పుల్లలు తీసెయ్యండి, అవి సంచి లోపలి పాలిథిన్ కవరుని పొడుస్తాయి. రెంటినీ రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలుగా కొట్టి, కలిపి, గుప్పెడు తీసుకుని గట్టిగా పిండండి. వేళ్ల సందున నీరు కారితే ఇంకా వాడ్చాలి. గుప్పిట తెరవగానే పొడిపొడిగా రాలితే ఎక్కువ ఆరింది. ముద్ద నిలిచి, మెల్లగా విచ్చుకుంటే అదే సరైన తడి.

ఇంట్లో రెండు గేదెలే ఉంటే సైలేజికి గొయ్యి తవ్వకండి. రెండింటికీ రోజుకి 30 కిలోలు సరిపోతుంది. పెద్ద గోతిలో రోజూ అంత తక్కువ తీస్తే, తెరిచిన ముఖం గాలికి బూజు పడుతుంది. 45 కిలోల సంచులే మేలు. 60 సంచులతో మూడు నెలలు గడుస్తాయి. లోపల పాలిథిన్ కవరు, బయట ఎరువుల సంచి. జానెడు మందాన నింపడం, కాళ్లతో తొక్కడం, మళ్లీ నింపడం. మూతిని మెలి తిప్పి, మడిచి, రెండు చోట్ల బిగించి కట్టండి. తొక్కడంలో బద్ధకిస్తే లోపల గాలి మిగిలి మేత వేడెక్కుతుంది, కాలిన బెల్లం వాసన వస్తుంది. ఆ వాసనకి పశువు ఇష్టంగానే తింటుంది గానీ మాంసకృత్తులు సరిగా ఒంటపట్టవు.

45 రోజులు కదపకండి. ఎలకలు కొరికిన చిల్లు కనిపిస్తే ఆ రోజే టేపు అతికించండి. విప్పినప్పుడు పులిసిన మజ్జిగ వాసన, పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు ఉండాలి. బూజు పట్టిన భాగాన్ని పశువుకి వెయ్యకండి, పెంటలో పారెయ్యండి.

సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషం ఉంది. మాగేటప్పుడు కొంత విరుగుతుంది గానీ పూర్తిగా పోదు. మొదట రోజుకి రెండు మూడు కిలోల సైలేజితో మొదలుపెట్టి, పది పదిహేను రోజుల్లో పశువుకి 15 కిలోలకి పెంచండి. అందులో ఆకు నాలుగు కిలోల లోపే ఉంటుంది, భయం లేదు. వెంట్రుకలు రాలినా, చొంగ కారినా వెంటనే మాని పశువైద్యుడికి చూపించండి. గుర్రాలకి, పందులకి మాత్రం ఇది అసలే పెట్టకండి.