ముందు లెక్క, ఆ తర్వాతే సవరణ

(కోనసీమలోని ఒక ఉన్నత పాఠశాలలో డిసెంబరు 22న, జాతీయ గణిత దినోత్సవ సభలో ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ప్రధానోపాధ్యాయురాలికి, ఉపాధ్యాయ మిత్రులకు, మాసూళ్ల రోజుల్లో పనులు ఆపుకుని వచ్చిన తల్లిదండ్రులకు, పిల్లలకు నమస్కారం. 1887లో ఇదే రోజున శ్రీనివాస రామానుజన్ పుట్టారు. ఆయన గురించి ఇందాక పిల్లలే చక్కగా చెప్పారు. ఆ మహానుభావుడికి మరోసారి నమస్కరించి, నాకు ఇచ్చిన సమయమంతా ఒక చిన్న తరగతి పాఠానికి ఇస్తాను. దశాంశ సంఖ్యలను అడిగిన స్థానానికి సవరించడం. ఇంత చిన్న పాఠానికి ఇంత సభ ఎందుకని అనిపిస్తే, ధాన్యం కొనుగోలు కేంద్రంలో ఈ సార్వాకు నేను కళ్లారా చూసింది విన్నాక తీర్పు చెప్పండి.

ముందు పాఠం. ఏ స్థానానికి సవరించాలో ఆ అంకె కింద గీత గీయండి. దానికి ఆనుకుని కుడిపక్కన ఉన్న ఒక్క అంకెనే చూడండి. అది 5 కంటే తక్కువైతే గీత గీసిన అంకె మారదు. 5 గానీ, అంతకు మించి గానీ ఉంటే ఒకటి పెరుగుతుంది. గీత గీసిన అంకెకు కుడివైపున, దశాంశ బిందువు తర్వాత ఉన్నవన్నీ పోతాయి. ఇంతే.

ఇప్పుడు తొమ్మిదో తరగతి వాళ్లు నోట్సు తీయండి. 2.4449. దీన్ని పూర్ణాంకానికి సవరించండి. గీత 2 కింద, పక్కన 4, కాబట్టి జవాబు 2. కానీ కొందరు దీన్ని మెట్లు మెట్లుగా చేస్తారు. ముందు 2.445 అంటారు. దాన్ని 2.45 చేస్తారు. దాన్ని 2.5 చేస్తారు. చివరికి 3 అంటారు! ప్రతి మెట్టులోనూ సూత్రం సరిగ్గానే వాడారు, జవాబు మాత్రం పూర్తిగా తప్పు. భారతీయ ప్రమాణాల్లో ఐఎస్ 2 అని ఒకటి ఉంది. సంఖ్యలను సవరించే నియమాల కోసమే అది. ఉన్న వాటిలో అత్యంత కచ్చితమైన విలువ నుంచి ఒకే మెట్టులో సవరించాలని, సవరించినదాన్ని మళ్లీ సవరించకూడదని అది చెబుతుంది. మన దేశం దీనికి ప్రత్యేకంగా ఒక ప్రమాణం రాసుకుంది. మనం మాత్రం రెండు మార్కుల ప్రశ్న కింద చదివి వదిలేస్తున్నాం.

సరే, కొనుగోలు కేంద్రం సంగతికి వస్తాను. ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదన్నది నిబంధన. మా వీధిలోని ఒక కౌలు రైతు రెండు వందల బస్తాలు ఆరబెట్టుకున్నాడు. నవంబరు మబ్బుల్లో రోడ్డు పక్కన పరదాలు పరిచి, చినుకు పడితే కుప్ప చేసి, ఎండ వస్తే మళ్లీ నెరిపి ఆరబెట్టడం ఎంత నరకమో ఇక్కడున్న తల్లిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు. "మాస్టారూ, మీరు కూడా వస్తే బాగుంటుంది" అన్నాడు. వెళ్లాను. రాశిలో మూడు చోట్ల గింజలు తీసి యంత్రంలో పోశారు. యంత్రం 16.5, 16.6, 17.5 అని చూపించింది. చీటీ మీద మాత్రం 17, 17, 18 అని రాశారు. మూడూ కలిపితే 52. మూడుతో భాగిస్తే 17.33. "పదిహేడు దాటింది, బస్తాకు కిలో తరుగు" అన్నారు.

పిల్లలూ, అసలు లెక్క మీరు చేయండి. 16.5, 16.6, 17.5 కలిపితే 50.6. మూడుతో భాగిస్తే 16.87. పదిహేడు దాటలేదు! అది ఎండిన ధాన్యమే. చీటీ మీద వేసిన సవరణల్లో ఏ ఒక్కటీ విడిగా తప్పు కాదు. 16.5ని పూర్ణాంకానికి సవరిస్తే 17 అనే మేమూ బడిలో నేర్పాం. తప్పల్లా ఎప్పుడు సవరించాలన్న దగ్గర ఉంది. సగటు తీయక ముందే సవరించారు. రెండు వందల బస్తాలకు రెండు వందల కిలోలు, అంటే రెండు క్వింటాళ్లు. 2025-26 సీజనులో సాధారణ రకానికి ఉన్న క్వింటాలుకు 2,369 రూపాయల మద్దతు ధరతో 4,738 రూపాయలు. భూమి తనది కాదు, కౌలు ముందే కట్టాడు, ఎరువులకు అప్పు తెచ్చాడు. అతని చేతిలోంచి ఆ డబ్బు దశాంశ బిందువు పక్కనున్న ఒక్క అంకె మీదుగా వెళ్లిపోయింది. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. "అందరికీ ఇలాగే రాస్తున్నాం" అన్నారు. అందరికీ ఇలాగే! ఆ మాట విని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇలాంటిది ఎక్కడైనా జరుగుతుంది. జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ అని ఒక రాష్ట్రం. 1992 ఏప్రిల్ 5న అక్కడ ఎన్నికలు జరిగాయి. చట్టసభలోకి రావాలంటే పార్టీకి సాధారణంగా 5 శాతం ఓట్లు ఉండాలి. గ్రీన్స్ పార్టీకి 4.97 శాతం వచ్చాయి. ఫలితాలు ముద్రించే కంప్యూటర్ ప్రోగ్రాము ఒక్క దశాంశ స్థానమే చూపించేది కాబట్టి కాగితం మీద 5.0 అని పడింది. పార్టీ గట్టెక్కిందని ప్రకటించారు. తర్వాత ఎవరో అసలు సంఖ్య చూశారు. సీట్లు మారాయి, సోషల్ డెమోక్రాట్లకు ఒక్క సీటు మెజారిటీ వచ్చింది. హద్దు ఉన్న చోట సవరించిన సంఖ్యను హద్దుతో పోల్చకూడదు. అక్కడ 5 శాతం, ఇక్కడ 17 శాతం. అక్కడ తప్పు దిద్దుకున్నారు.

మన గోదావరినే చూడండి. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కు, మూడోది 17.75కు. ఈ పావు తక్కువలు ఎందుకని ఒక అమ్మాయి నన్ను అడిగింది. 11.75 అంటే పదకొండు అడుగుల తొమ్మిది అంగుళాలు. ఆ తొమ్మిది అంగుళాలను అలాగే ఉంచాలి. పూర్ణాంకానికి సవరిస్తే హెచ్చరికకు కిందనున్న 11.5, హెచ్చరిక దాటిన 12.4 రెండూ 12 అయిపోతాయి. లంకల్లో ఉన్నవాళ్లు ఏ 12ను నమ్మి పశువులను గట్టు ఎక్కించాలి? అదే బ్యారేజీ దగ్గర, 1986 ఆగస్టు వరదలో సుమారు 35 లక్షల క్యూసెక్కులు వెళ్లిందంటాం. అక్కడ లక్షల స్థానానికి సవరించడమే సబబు. అంతటి ప్రవాహంలో ఒకట్ల స్థానం ఎవరికీ అక్కరలేదు. ఏ స్థానానికి సవరించాలో నిర్ణయించేది ఆ సంఖ్యతో మనం చేయబోయే పని.

అణాలు గుర్తున్న పెద్దలు ఈ సభలో ఉన్నారా? చేతులెత్తండి. ఉన్నారు, సంతోషం. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. రూపాయికి పదహారు అణాలు, వంద నయాపైసలు. అణా అంటే 6.25, చేతికిచ్చేది 6. బేడ, అంటే రెండణాలు, 12.5. సరిగ్గా సగం వస్తే కింది నయాపైసకే లెక్కకట్టాలని చట్టంలో ఉంది కాబట్టి 12. నాలుగణాలు ఒకేసారి మారిస్తే 25 నయాపైసలు. అణా అణాగా నాలుగుసార్లు మారిస్తే 24. ఒక నయాపైస పోయింది. కొద్దికొద్దిగా కొనుక్కునే పేదవాడికే ఆ నష్టం ఎక్కువసార్లు జరిగేది.

ఒక నయాపైసే కదా అంటారేమో. కెనడాలో వాంకోవర్ స్టాక్ ఎక్స్ఛేంజి సూచీని 1982 జనవరిలో 1000 దగ్గర మొదలుపెట్టారు. లావాదేవీ జరిగిన ప్రతిసారీ మూడు దశాంశ స్థానాలు ఉంచుకుని మిగిలినవి కత్తిరించారు. సవరించలేదు, కత్తిరించారు, తేడా గమనించండి. 1983 నవంబరుకు సూచీ 524.811కు దిగజారింది. సరిగ్గా లెక్కిస్తే 1098.892 రావాలి. వెయ్యో వంతు కంటే చిన్న ముక్కలు రోజుకు వేలసార్లు పోగా పోగా సగానికి పైగా పోయింది.

ఉపాధ్యాయ మిత్రులారా, మీకొక మనవి. 3.96ను పదో వంతు స్థానానికి సవరించమంటే పిల్లవాడు 4.0 అని రాస్తాడు. "సున్నా ఎందుకు, 4 అని రాయి" అని ఆ సున్నా కొట్టేయకండి. పదో వంతు వరకు చూశానని ఆ సున్నా చెబుతోంది. వట్టి 4 అంటే 3.5 అయినా కావచ్చు, 4.4 అయినా కావచ్చు. సున్నాకు విలువ లేదని బడిలో నేర్చుకున్నవాడే రేపు కాటా దగ్గర కూర్చుని యంత్రం చూపించిన దశాంశాన్ని చీటీ మీద రాయడు. దయచేసి ఆ సున్నాకు మార్కు వేయండి.

తల్లిదండ్రులకు ఒకే మాట. కాటా దగ్గర, తేమ యంత్రం దగ్గర, పాల కేంద్రంలో వెన్న శాతం దగ్గర, బిందువు తర్వాత ఏముందని అడగండి. చీటీ మీద రాయమనండి. కోప్పడనక్కరలేదు, అడిగితే చాలు. కొనేవాళ్లలో చాలామందికి మోసం చేయాలని ఉండదు. తొందర ఉంటుంది, పక్కన వంద బండ్లు ఉంటాయి. అందుకే మన వైపు నుంచి ఎవరో ఒకరు కాగితం, పెన్సిలు పట్టుకుని నిలబడాలి.

ప్రధానోపాధ్యాయురాలికి నా విన్నపం. ధాన్యం వచ్చినన్నాళ్లు ఆదివారాల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలను కొనుగోలు కేంద్రానికి తీసుకువెళ్లేందుకు అనుమతి ఇప్పించండి. నేను వెంట ఉంటాను. ఒకరు యంత్రంలో అంకె చదవాలి, ఒకరు బిందువుతో సహా పలక మీద రాయాలి, మూడో వారు మూడూ కలిపి సగటు తీయాలి. సవరణ అంతా అయ్యాక ఒక్కసారే. ఆ పలక రైతుకు కనిపించేలా పట్టుకోవాలి. పేర్లు ఇచ్చేవాళ్లు సభ అయ్యాక నా దగ్గరికి రండి. ఆడపిల్లలు తప్పకుండా రావాలి. పలకలు నేను కొనిస్తాను.