పాత డిస్క్ తీశాక కంప్యూటర్ లేవడం లేదు

(తిరుపతి నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమంలో ఒక భాగం)

వ్యాఖ్యాత: చిత్తూరు గిరింపేట నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. నమస్కారమమ్మా, మీ సమస్య చెప్పండి.

శ్రోత: నమస్కారం సార్. మాది డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, మామిడి మండీలకు బిల్లు పుస్తకాలు, జాతర కరపత్రాలు చేస్తాం. విండోస్ 10కి ఇక అప్‌డేట్లు రావంటే కొత్త ఎస్ఎస్‌డీ డిస్క్ కొని అందులో విండోస్ 11 వేయించాం. కొన్నాళ్లు చక్కగా పనిచేసింది. పాత హార్డ్ డిస్క్‌లో మా ఫైళ్లు ఉన్నాయి కదా, భద్రంగా ఉంటుందని దాన్ని విప్పి బీరువాలో పెట్టాం. ఆ మర్నాటి నుంచి కంప్యూటర్ లేవడం లేదు.

నిపుణుడు: తెర మీద ఏం వస్తోందమ్మా?

శ్రోత: నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు. బూట్ డివైస్ ఏదీ లేదు, డిస్క్ పెట్టి ఏదైనా మీట నొక్కమంటోంది. మా అబ్బాయి బయోస్‌లోకి, అంటే విండోస్ లేవకముందే వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్లి చూశాడు. అక్కడ కొత్త డిస్క్ పేరు, సైజు రెండూ కనిపిస్తున్నాయి.

నిపుణుడు: మంచి పని చేశాడు. అంటే డిస్క్ బతికే ఉంది. ఇంకొక్క మాట. పాత డిస్క్ ఉన్నప్పుడు, కంప్యూటర్ వేయగానే రెండు విండోస్‌లలో ఏది కావాలని అడిగేదా?

శ్రోత: అవును సార్, నీలం తెర మీద రెండు పేర్లు వచ్చేవి. మేము 11 నొక్కేవాళ్లం. ఇప్పుడేమో బాగుచేసే అతను విండోస్ పాడైంది, ఫార్మాట్ చేయాలంటున్నాడు. ఈ ముహూర్తాల పత్రికలన్నీ కొత్త డిస్క్‌లోనే ఉన్నాయి.

నిపుణుడు: వద్దమ్మా, ఫార్మాట్ మాట ఎత్తకండి. మీ విండోస్ పాడైనట్టు లేదు. ఆ నీలం తెర సంగతి చెప్పారు చూడండి, మీ జబ్బు ఏమిటో దాంతోనే తెలిసిపోయింది. ఇప్పటి కంప్యూటర్లు యూఈఎఫ్ఐ అనే పద్ధతిలో లేస్తాయి. డిస్క్‌లో ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అని ఒక చిన్న భాగం ఉంటుంది, విండోస్‌లో మామూలుగా 100 ఎంబీ. కంప్యూటర్ వేయగానే మొదట వెతికేది దాన్నే. విండోస్‌ను లేపే ఫైళ్లు అందులో ఉంటాయి. మీరు 11 వేయించినప్పుడు పాత డిస్క్ కూడా తగిలించే ఉంది. ఆ చిన్న భాగం దాంట్లో అప్పటికే ఉండటంతో, ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్ కొత్త డిస్క్‌లో మరొకటి చేయకుండా అక్కడే రాసేసింది. ఇల్లు కొత్త డిస్క్‌లో ఉంది, తాళంచెవి బీరువాలోకి వెళ్లింది.

శ్రోత: అయితే పాత డిస్క్ మళ్లీ తగిలిస్తే లేస్తుందా సార్?

నిపుణుడు: లేవాలి. కరెంటు ప్లగ్ తీసి, పాత డిస్క్‌కు రెండు కేబుళ్లూ మునుపటిలాగే బిగించండి. బయోస్‌లో బూట్ ఆర్డర్ అని ఉంటుంది, దేనితో ముందు లేవాలో చెప్పే జాబితా; అందులో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదట పెట్టండి. నీలం తెర రాగానే 11 ఎంచుకోండి. లేవగానే, మిగతా పనులన్నీ పక్కనపెట్టి, పత్రికల ఫైళ్లను వేరే డిస్క్‌కో పెన్‌డ్రైవ్‌కో కాపీ చేసుకోండి. మీ తెలుగు అక్షరాల అను ఫాంట్లు, పేజ్‌మేకర్ ఫైళ్లు కూడా. డీటీపీ షాపులో కంప్యూటర్ ఫార్మాట్ చేయడమంటే ఆ ఫాంట్లన్నీ మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవడం. ఆ శ్రమ నాకు తెలుసు, అందుకే ఇంత గట్టిగా వద్దంటున్నాను.

వ్యాఖ్యాత: అంటే ఆ పాత డిస్క్ ఇక ఎప్పటికీ అలా ఉండాల్సిందేనా?

నిపుణుడు: అక్కర్లేదండీ. లేపే ఫైళ్లను కొత్త డిస్క్‌లోనే తయారు చేసుకోవచ్చు. ముందు విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడండమ్మా. డిస్క్ 0, డిస్క్ 1 అని రెండు వరుసలు ఉంటాయి. ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అనే మాట పాత డిస్క్ వరుసలోనే ఉండి, కొత్తదాంట్లో లేకపోతే నేను చెప్పింది నిజమే. అప్పుడు కొత్త డిస్క్‌లోని సీ డ్రైవ్‌ను ష్రింక్ చేసి, అంటే కుదించి, 300 ఎంబీ ఖాళీ చోటు తీయండి. డిస్క్‌పార్ట్ అనే ఆదేశాల ప్రోగ్రామ్‌లో ఆ చోట ఈఎఫ్ఐ పార్టిషన్ చేసి, ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసి, ఎస్ అనే అక్షరం ఇవ్వండి. చివరగా బీసీడీబూట్ అనే ఆదేశంతో సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్ నుంచి ఫైళ్లు ఎస్‌లోకి వెళ్లాలి.

శ్రోత: ఫార్మాట్ అంటే భయంగా ఉంది సార్.

నిపుణుడు: ఫార్మాట్ అయ్యేది ఆ 300 ఎంబీ ఒక్కటే. భయపడాల్సింది డిస్క్‌పార్ట్ విషయంలో. అది అవునా కాదా అని అడగదు, చెప్పింది చేసేస్తుంది. అందుకే సైజు చూసి, మీరు ఎంచుకున్నది కొత్త డిస్కే అని రెండుసార్లు సరిచూసుకోండి. పని మొదలుపెట్టే ముందు, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి, కంప్యూటర్ దాన్ని అడగవచ్చు. అన్నీ అయ్యాక ప్లగ్ తీసి, పాత డిస్క్ విప్పి, బూట్ మెనూలో కొత్త డిస్క్‌ను ఎంచుకోండి. అలా లేచాకే పాత డిస్క్‌ను బీరువాకు పంపండి.

శ్రోత: చాలా సంతోషం సార్.

నిపుణుడు: మీ అబ్బాయికి ఒక మాట చెప్పండమ్మా. ఇకపై ఏ కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా, వేయబోయే డిస్క్ ఒక్కటే తగిలించి ఉంచమనండి.

వ్యాఖ్యాత: తిరుపతి నుంచి ఒక విద్యార్థి. చెప్పు బాబూ.

విద్యార్థి: సార్, నా పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కన ఉబుంటు అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాను. చోటు చాలడం లేదని విండోస్‌లోంచి ఉబుంటు పార్టిషన్ తీసేశాను. ఇప్పుడు గ్రబ్ రెస్క్యూ అని వచ్చి ఆగిపోతోంది.

నిపుణుడు: బయోస్‌లో బూట్ మోడ్ యూఈఎఫ్ఐ అని ఉందా, లెగసీ అని, అంటే పాత పద్ధతి అని ఉందా?

విద్యార్థి: లెగసీ సార్.

నిపుణుడు: అయితే డిస్క్ మొదటి సెక్టార్ దగ్గరే చిక్కుంది బాబూ, ఎంబీఆర్ అంటారు దాన్ని. ఆ సెక్టార్ 512 బైట్లే, అందులో లేపే కోడ్‌కు దక్కేది 446. ఉబుంటును లేపే గ్రబ్ అనే ప్రోగ్రామ్ మొత్తం అందులో పట్టదు. మిగతా ఫైళ్ల కోసం అది ఉబుంటు పార్టిషన్‌కు వెళ్తుంది. దాన్నే నువ్వు తీసేశావు. విండోస్‌కు ఏమీ కాలేదు. స్నేహితుడి దగ్గర విండోస్ ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్ తయారు చేయించుకో. దాంతో లేపి, ఇన్‌స్టాల్ నొక్కకుండా రిపేర్‌లోకి వెళ్లి, కమాండ్ ప్రాంప్ట్‌లో బూట్‌రెక్ ఆదేశాన్ని ఫిక్స్ ఎంబీఆర్‌తో ఇవ్వు. గ్రబ్ స్థానంలో విండోస్ కోడ్ వస్తుంది, పార్టిషన్ల జోలికి పోదు.

విద్యార్థి: యూఈఎఫ్ఐ అయి ఉంటే సార్? మా స్నేహితుడిది అదే.

నిపుణుడు: అప్పుడు పెన్‌డ్రైవ్ అవసరం రాకపోవచ్చు. బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్ కనిపిస్తే దాన్ని ఎంచుకుంటే లేస్తుంది. తర్వాత బయోస్‌లో దాన్ని ఉబుంటు కంటే పైకి జరుపుకుంటే సరిపోతుంది.