జాగిలం వేరు, గన్‌డాగ్ వేరు: తిరుపతి స్టూడియోలో ఒక చర్చ

(పాల్గొన్నవారు: ఒక పశువైద్యురాలు, ఎయిర్ రైఫిల్ కోచ్, పదవీ విరమణ చేసిన అటవీ రేంజర్, పలమనేరు వైపు నుంచి వచ్చిన వేరుశనగ రైతు.)

వ్యాఖ్యాత: శ్రీకాళహస్తిలో కన్నప్ప కొండను చూస్తూ, తిన్నడి కథ వింటూ పెరిగిన ప్రాంతం మనది. అందుకే వేట అనగానే విల్లుతో పాటు కుక్కలు కూడా మన కళ్ల ముందు కదులుతాయి. ఇప్పుడు ఆ విల్లు స్థానంలో ఎయిర్ రైఫిల్, ఊరకుక్క స్థానంలో లాబ్రడార్ కొనుక్కున్న కుర్రవాళ్లు వీటితో వేట ఎలా నేర్చుకోవాలని అడుగుతున్నారు. రేంజర్ గారూ, ముందు చట్టం సంగతి తేల్చేయండి, తరువాత కుక్కల దగ్గరకు వెళ్దాం.

రేంజర్: తేల్చడానికి ఎక్కువ సేపు పట్టదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. ఆ చట్టంలో వేట అంటే చంపడం మాత్రమే కాదు, పట్టుకోవడం, ఉచ్చు వేయడం, తరమడం, ఎర పెట్టడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే. కాబట్టి చెవులపిల్లి వెనుక కుక్కను ఉసిగొల్పితే, అది దొరకకుండా పొదల్లోకి తప్పించుకుపోయినా సరే, ఉసిగొల్పినవాడు నేరం చేసినట్టే. ఈ నియమం శేషాచలంలోని శ్రీవేంకటేశ్వర జాతీయ వనానికే పరిమితమని అనుకునేవారు నాకు చాలామంది తారసపడ్డారు. సొంత చేను గట్టు మీద కూడా వర్తించేది ఇదే చట్టం.

వ్యాఖ్యాత: అయితే గన్‌డాగ్ అనే మాటకు మన దగ్గర పనే లేదంటారా, డాక్టర్ గారూ?

పశువైద్యురాలు: పని ఉంది, అయితే ముందు ఆ మాట దేనికి చెల్లుతుందో తెలుసుకోవాలి. నా క్లినిక్‌కు చిప్పిపారై కుక్కను తెచ్చి, ఇది మంచి గన్‌డాగ్ అని చెప్పేవారు ఉన్నారు. అది జాగిలం. కంటికి కనిపించిన జంతువును ఒక్క ఉరుకున తరిమి పట్టడం దాని స్వభావం, కర్ణాటకలోని ముధోల్ జాగిలానిదీ అదే స్వభావం. గన్‌డాగ్‌లు ఐరోపాలో తుపాకీ పట్టిన మనిషికి తోడుగా రూపుదిద్దుకున్న జాతులు. జాగిలానికి పరుగు ఎంత ముఖ్యమో వీటికి ఆగడం అంత ముఖ్యం. పాయింటర్‌కు పిట్ట వాసన తగిలిందంటే ముక్కు, వెన్ను, తోక ఒకే గీతలోకి వస్తాయి, ఎత్తిన ముందుకాలు ఎత్తినట్టే గాలిలో ఉండిపోతుంది, యజమాని వచ్చేదాకా అది బొమ్మలా నిలబడుతుంది. సెట్టర్ కూడా అలాగే ఆగుతుంది, తరచుగా నేలకు ఒదిగి. స్పానియల్ పొదల్లో దూరి పిట్టను లేపుతుంది గాని తుపాకీకి అందే దూరం దాటిపోదు. లాబ్రడార్ లాంటి రిట్రీవర్ పిట్ట పడిన చోటును గుర్తు పెట్టుకుని, పంటి గాటు పడకుండా తెచ్చి చేతికి ఇస్తుంది.

వ్యాఖ్యాత: మరి లాబ్రడార్ పిల్లను ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

పశువైద్యురాలు: అందరూ తల ఎంత పెద్దదో చూస్తారు, నేను మాత్రం తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే చూపించమంటాను. ఈ జాతిలో తుంటి కీలు వదులుగా పెరిగే లోపం వంశపారంపర్యంగా వస్తుంది, అది ఉన్న కుక్క ఎంత తెలివైనదైనా పనికి నిలవదు. తరువాత ఒక సాక్సును ఉండచుట్టి విసరండి. పరుగెత్తి వెళ్లి దాన్ని నోట కరుచుకుని మీ వైపే వచ్చే పిల్ల మంచిది. మూలకు పట్టుకుపోయి నమిలే పిల్ల పనికిరాదని కాదు, దానితో మీకు రెట్టింపు ఓపిక కావాలి. శబ్దానికి అలవాటు చేయడంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. టపాసు చెవి పక్కన పేల్చి ధైర్యం నేర్పుతున్నామని అనుకుంటారు, కాని అలా ఒక్కసారి బెదిరిన కుక్కను మళ్లీ దారికి తేవడం చాలా కష్టం. పిల్ల అన్నం తినేటప్పుడు దూరపు గదిలో పళ్లెం చప్పుడు చేయించండి, అది తల ఎత్తకుండా తింటుంటే మరుసటి వారం కొంచెం దగ్గరకు జరగండి. మన ఎండల్లో మాత్రం ఈ సాధన తెల్లవారుజామునే ముగించాలి, ఎందుకంటే ఈ కుక్కకు ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉంటుంది.

వ్యాఖ్యాత: కోచ్ గారూ, అలా తయారైన కుక్కకు ఎయిర్ రైఫిల్ సరిజోడు అనుకోవచ్చా?

కోచ్: ఆ జత కుదరదు. పాయింటర్, స్పానియల్ చేసే పని పిట్టను గాలిలోకి లేపడం, దానికి జోడు ఒకేసారి చాలా రవ్వలు, అంటే చిన్న గుళ్లు, చిమ్మే షాట్‌గన్. ఎయిర్ రైఫిల్ నుంచి వచ్చేది ఒకే ఒక్క పెల్లెట్, ఎగిరే పిట్ట మీద దాన్ని వదలడం గురి చూడటం అనిపించుకోదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో లైసెన్సు అక్కరలేని ఎయిర్ రైఫిల్ శక్తికి హద్దు 12 ఫుట్ పౌండ్లు, అంటే సుమారు 16 జౌళ్లు. దానితో అక్కడివారు కుందేళ్లను ముప్పై గజాల లోపు, కదలకుండా కూర్చున్నప్పుడు, తలకు మాత్రమే గురిపెట్టి కొడతారు. మన దేశంలో 2016 ఆయుధ నియమాల కింద 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్లు మించని శక్తి ఉన్నవాటికి లైసెన్సు అవసరం లేదు. అర గ్రాము పెల్లెట్ సెకనుకు 250 మీటర్ల వేగంతో వెళితే 15.6 జౌళ్లు అవుతుంది, లెక్క మీరే వేసుకోవచ్చు. లైసెన్సు లేదు కాబట్టి ఇది బొమ్మ అనుకోకండి, కన్ను పోవడానికి ఇందులో పదో వంతు కూడా అక్కరలేదు.

వ్యాఖ్యాత: మరి కొన్నవారు దానితో ఏం చేయాలి?

కోచ్: అట్ట మీద కొట్టాలి. చాలామంది స్ప్రింగుతో పనిచేసే ఎయిర్ రైఫిల్‌ను గట్టిగా బిగించి పట్టుకుంటారు, గురి తప్పేది అందుకే. పెల్లెట్ గొట్టం దాటకముందే లోపలి పిస్టన్ రైఫిల్‌ను వెనక్కీ ముందుకీ కుదుపుతుంది, కాబట్టి ముందు చేతి అరచేతిని తెరిచి ఊరికే ఆసరాగా ఉంచితే ఆ కుదుపు ప్రతిసారీ ఒకేలా వస్తుంది. పది మీటర్ల పోటీ అట్టలో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు ఉంటుంది. అభినవ్ బింద్రా 2008లో బీజింగ్‌లో స్వర్ణం గెలిచింది ఈ పోటీలోనే. ఆ చుక్క ముందు నిలబడ్డవాడికి పావురాల మీదకు మనసు పోదు.

రైతు: మీరంతా చెప్పింది బాగానే ఉందయ్యా, కాని నా చేనులో కాయ ఊరే వేళకు అడవి పందుల మంద దిగితే తెల్లారేసరికి నాలుగు సాళ్లు దున్నినట్టు ఉంటుంది. వాటి మీదకని నేనూ ఒక ఎయిర్ రైఫిల్ కొన్నాను.

కోచ్: దయచేసి దాన్ని పంది మీద వాడకండి. ఆ పెల్లెట్ దాని చర్మం, కొవ్వు దాటి లోపలికి పోయి చంపేంత దెబ్బ కొట్టలేదు, పుండుతో తిరిగే పంది మరింత ప్రమాదం.

రేంజర్: పైగా చట్టం ఒప్పుకోదు. నిలిచి ఉన్న పంటను పాడుచేసే జంతువుల విషయంలో అధికారి కారణాలు రాసి లిఖితపూర్వకంగా అనుమతిస్తేనే ఏదైనా చేయాలి, ఆ అనుమతి లేని తుపాకీ, కరెంటు తీగ, నాటు బాంబు అన్నీ నేరాలే.

రైతు: నాటు బాంబు సంగతి నాకు చెప్పక్కరలేదు సార్. పందుల కోసమని పొరుగు పొలంలో ఎవరో పిండిముద్దలో పెట్టిన బాంబును మా కుక్క కొరికింది. కింది దవడ లేకుండా ఇంటికి నడిచి వచ్చి, రోజూ నీళ్లు తాగే తొట్టి దగ్గర నిలబడింది, తాగలేకపోయింది. పెట్టింది ఎవరో ఈనాటికీ తెలియదు. ఇప్పుడు మా మనవడు లాబ్రడార్ పిల్లను తెచ్చాడు. అది రాత్రి చేను కాస్తుందా, డాక్టరమ్మా?

పశువైద్యురాలు: కాపలాకు అది సరైన జాతి కాదండీ, దొంగ వచ్చినా తోక ఊపుతుంది. చేను దగ్గర మంచె కింద కట్టేసిన ఊరకుక్క అరుపే మీకు మేలు, పందుల వెంట వదలకుండా కట్టేసి ఉంచితే దాని ప్రాణానికీ మేలు. ఈ పిల్లకు మాత్రం వస్తువు తెచ్చి ఇవ్వడం నేర్పవచ్చు. దానికి ఎన్ని నెలలు?

రైతు: రెండు నిండాయి. ఇంట్లో చెప్పులన్నీ మోసుకుపోతుంది.

పశువైద్యురాలు: మోసుకుపోయి మూలకు వెళ్తుందా, మీ దగ్గరకు తెస్తుందా?

రైతు: మా మనవడి దగ్గరకే తెస్తుందమ్మా, ఒక్క కాలి చెప్పు మాత్రమే.

పశువైద్యురాలు: అయితే ఆదివారం పొద్దున ఆరు గంటలకు, ఎండ ఎక్కకముందే, పిల్లవాణ్ణీ కుక్కపిల్లనూ తీసుకుని రండి. సాక్సు నేను తెస్తాను.