మియాపూర్, నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి: ఉండటానికి ఏది అనువు?

అందరికీ నమస్కారం.

ఇల్లు కొనాలనుకునేవాళ్లు, అద్దెకు వెతుక్కునేవాళ్లు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఇది: "మియాపూర్ మంచిదా, బాచుపల్లి మంచిదా? నిజాంపేటలో తక్కువకే వస్తోందట కదా, తీసుకోవచ్చా?" హైదరాబాద్‌కు వాయవ్యాన ఈ నాలుగూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉన్నాయి. ఏ ఊరు ఎక్కడ అయిపోయిందో షాపుల బోర్డులు చదివితే తప్ప తెలియదు. అందుకే చాలామంది చదరపు అడుగు ధరలు పక్కపక్కన రాసుకుని నిర్ణయానికి వచ్చేస్తారు. మే నెలలో కుళాయిలో నీళ్లు ఉంటాయా, సెప్టెంబరు వానకు సెల్లారు మునుగుతుందా అన్నది ఆ ధరలో ఎక్కడా కనపడదు. ఊరి పేరు పట్టుకుని పోలిస్తే తప్పు లెక్క వస్తుంది. వీధి పట్టుకుని పోల్చాలి. ఎలా పోల్చాలో ఈ నాలుగు ఊళ్లనే తీసుకుని చెబుతాను.

ముందు కొంచెం పాత సంగతి. 2007లో జీహెచ్‌ఎంసీ ఏర్పడినప్పుడు శేరిలింగంపల్లి మున్సిపాలిటీతో పాటు మియాపూర్ నగరంలో కలిసింది. మిగతా మూడూ గ్రామ పంచాయతీలుగానే ఉండిపోయాయి. 2019లో ఆ మూడింటినీ కలిపి నిజాంపేట నగరపాలక సంస్థ చేశారు. 2025 డిసెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు లోపలా చుట్టుపక్కలా ఉన్న 27 పురపాలక సంస్థల్లో ఒకటిగా అదీ జీహెచ్‌ఎంసీలో కలిసింది. 2007కీ 2019కీ మధ్యలోని ఆ పన్నెండేళ్లే ముఖ్యం. అపార్టుమెంట్లు నగరం స్థాయిలో లేచాయి, రోడ్లూ మురుగు కాలువలూ మాత్రం పంచాయతీ స్థాయిలోనే ఉన్నాయి. ఇప్పుడు పాలన ఒకటే అయినా, భూమిలో ఉన్న పైపుల వెడల్పు ఒక్క ఉత్తర్వుతో పెరగదు. పక్కపక్క వీధుల్లో ఇంత తేడా కనిపించడానికి అసలు కారణం ఇదే.

ఇక నీళ్ల సంగతి. నా లెక్కలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే.

మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది నగరాల నీటి సరఫరాకు మన దేశంలో పెట్టుకున్న ప్రమాణం. యాభై ఫ్లాట్లు, ఇంటికి నలుగురు అనుకుంటే రోజుకు 27 వేల లీటర్లు కావాలి. జలమండలి నీళ్లు నగరంలో చాలాచోట్ల రోజు విడిచి రోజు వస్తాయి. వాటిని రోజువారీగా సర్దితే 10 వేల లీటర్లు అయ్యాయనుకుందాం. మే నెలలో బోరు ఇంకో 5 వేలు ఇచ్చిందనుకుందాం. లోటు 12 వేలు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు రోజుకు రెండు, ఒక్కోరోజు మూడు. ఆ ఖర్చంతా మెయింటెనెన్సులో పడుతుంది. ఫ్లాటు చూపించేవాళ్లు "నీళ్లకు ఢోకా లేదండీ" అంటారు. వాళ్లతో వాదించకండి. వాచ్‌మన్ దగ్గర ట్యాంకర్ల నోటుబుక్కు ఉంటుంది, అందులో ఏప్రిల్, మే పేజీలు చూపించమనండి. తేదీ, వేళ, లారీ నంబరు, సంతకం అన్నీ అందులో ఉంటాయి. పుస్తకం లేదంటే అసోసియేషన్ జమాఖర్చుల్లో 'వాటర్ ట్యాంకర్' పద్దు కింద పన్నెండు నెలల మొత్తాలు అడగండి. జనవరి మొత్తానికీ మే మొత్తానికీ ఉన్న తేడాయే ఆ భవనం అసలు నీటి పరిస్థితి.

ట్యాంకరు కొలతలోనూ మోసం జరగొచ్చు. మోటారు ఆపేసి, ట్యాంకరు పోయకముందు ఒకసారి, పోశాక ఒకసారి సంపులో కర్ర దించి మట్టం కొలవండి. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పున్న సంపులో 5 వేల లీటర్లు పోస్తే మట్టం దాదాపు 42 సెంటీమీటర్లు పెరగాలి. ముప్పై మాత్రమే పెరిగితే మీకు వచ్చినవి 3,600 లీటర్లే.

ఇక్కడ నేలంతా గ్రానైటు. నీరు పైన ఉన్న మెత్తబడిన రాతి పొరలో, కింద బండల పగుళ్లలో మాత్రమే ఉంటుంది. వెయ్యి అడుగులు దించినా పగులు తగలకపోతే దుమ్మే వస్తుంది. పక్క అపార్టుమెంటు బోరు నిండుగా పోస్తోంది కాబట్టి మనదీ పోస్తుందనుకోవడానికి లేదు. అందుకని ఇంటిని ఫిబ్రవరిలో ఒకసారి, మేలో ఒకసారి చూడండి. బోరు నీటికి పరీక్ష చేయించండి. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది. వేరే ఆధారం లేనప్పుడు 2,000 వరకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ఒప్పుకుంటుంది. ఈ లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. నైట్రేటు అందులో తెలియదు, ల్యాబులోనే చేయించాలి. అది 45 మిల్లీగ్రాములు దాటితే చాలాసార్లు దగ్గర్లోని సెప్టిక్ ట్యాంకు బోరులోకి ఊరుతోందని అర్థం.

నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం 2021 జనవరిలో జీహెచ్‌ఎంసీ పరిధిలో మొదలైంది. అప్పట్లో మియాపూర్‌కు వర్తించి, రోడ్డు దాటితే నిజాంపేటకు వర్తించలేదు. ఇప్పుడు మీరు చూస్తున్న ఫ్లాటుకు వర్తిస్తోందో లేదో జలమండలి బిల్లు చేతిలోకి తీసుకుని చూడండి. మీటరు పనిచేస్తోందా, ఆధార్ అనుసంధానం అయిందా అన్నవి కూడా అప్పుడే అడగండి.

రెండోది వాన నీటి దారి.

2016 సెప్టెంబరులో నిజాంపేట భండారి లేఅవుట్ మునిగింది. సెల్లార్లు నిండి, జనం పడవల్లో బయటికి రావాల్సి వచ్చింది. అదే నిజాంపేటలో ఎత్తుగా ఉన్న వీధుల్లో ఆ రోజు చెప్పులు తడిస్తే గొప్ప. తురక చెరువు దిగువన, దానిలోకి చేరే కాలువల వెంట ఉన్నవాళ్లకే కష్టమంతా వచ్చింది. ఒక చదరపు కిలోమీటరు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే అది 10 కోట్ల లీటర్లు. కాంక్రీటు పరిచిన చోట అందులో ఎక్కువ భాగం ఇంకదు, గంటల్లోనే పల్లానికి చేరుతుంది. కాలువను కుదించి కట్టినచోట ఆ నీళ్లు ఇళ్లలోంచే వెళ్తాయి.

పల్లం తెలుసుకోవడానికి ఇంజినీరు అక్కర్లేదు. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో ఎఫ్‌టీఎల్ మ్యాపులు ఉంటాయి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు గీత. మీ సర్వే నంబరు ఆ గీతకు ఎంత దూరమో చూడండి. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు వదలాలి. చిన్న చెరువుకు 9 మీటర్లు. పది మీటర్ల కంటే వెడల్పైన నాలాకు (వాన నీటి కాలువకు) 9 మీటర్లు, అంతకంటే సన్నని దానికి 2 మీటర్లు. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక ఈ గీతల విలువ అందరికీ తెలిసొచ్చింది. అనుమతి కాగితం ఉందన్న ధైర్యం ఒక్కటే చాలదు, గీత ఎక్కడ ఉందో మీరే చూసుకోవాలి.

తర్వాత గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు తెరవండి. పదిహేనేళ్ల కిందటి చిత్రంలో మీ వీధి ఉన్నచోట పొలం ఉందా, తుమ్మచెట్ల మధ్య సన్నటి తడి గీత ఉందా? ఆ గీతే నాలా. దాని మీద ఇప్పుడు రోడ్డు వేసి ఉన్నా వాన నీరు ఆ దారినే వెతుక్కుంటుంది.

ఇవన్నీ అయ్యాక సెల్లారులోకి దిగండి. గోడకు కొత్త సున్నం మోకాలి ఎత్తు వరకే వేసి ఉంటే ఎందుకో అడగండి. స్తంభాల మీద బురద చార ఒకే ఎత్తులో అడ్డంగా సాగిందా? లిఫ్టు గుంతలో ఇనుముకు తుప్పు ఎంత ఎత్తు దాకా పట్టింది? మోటారును దిమ్మె కట్టి పైకెక్కించారా? గేటు దగ్గర ర్యాంపు మీద అడుగు ఎత్తు కొత్త గట్టు ఉందా? ఒకటి కనిపిస్తే అనుమానించండి, మూడు కనిపిస్తే ఆ భవనం మునిగిందనే లెక్క. పాత ఇళ్లకు ఇంకో చిక్కు ఉంది. తారు గీకకుండా రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో వీధి పైకి లేచి, ఇల్లు గుంతలో పడుతుంది. గుమ్మం రోడ్డుకంటే కనీసం ఒకటిన్నర అడుగు ఎత్తులో లేకపోతే వదిలేయమనే చెబుతాను.

2023 సెప్టెంబరు మొదటి వారంలో ప్రగతినగర్ ఎన్నారై కాలనీలో తెరిచి ఉన్న మ్యాన్‌హోల్‌లో నాలుగేళ్ల పిల్లవాడు పడిపోయాడు. దేహం తురక చెరువులో దొరికింది. ఆ ప్రాంతంలో మంచి పేరున్న, ప్లాను ప్రకారం వెడల్పైన రోడ్లు వేసిన చోటే ఇది జరిగింది. పిల్లలున్నవాళ్లు బడికి నడిచే దారిలో మూతలన్నీ ఉన్నాయో లేదో, నాలా పక్కన కంచె ఉందో లేదో ఒక్కొక్కటిగా చూసుకోవాల్సిందే. ఇది కార్పొరేషన్ పని అని ఊరుకుంటే కుదరదు. ఫొటో తీసి ఫిర్యాదు పెట్టండి, ఫిర్యాదు నంబరు కాలనీ గ్రూపులో వేయండి.

మురుగు ఎటు పోతుందో కూడా అడగాలి. "డ్రైనేజీ ఉంది" అన్నది సమాధానం కాదు. ఆ లైను ట్రంకు లైనులో, అంటే మురుగును తీసుకుపోయే పెద్ద పైపులో కలిసిందా, నాలాలో కలిసిందా? నాలాలో కలిస్తే చివరికి చెరువుకే చేరుతుంది. ప్రగతినగర్‌లో అంబీర్ చెరువు ఎంత అందమో, గుర్రపుడెక్క పట్టినప్పుడు దోమలు అంత బెడద. చెరువు వ్యూ ఉన్న ఫ్లాటును పొద్దున పదింటికి కాక సాయంత్రం ఆరున్నరకు వెళ్లి, బాల్కనీలో అరగంట నిలబడి చూడండి. పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఉంటుంది. అది నడుస్తోందా అన్నదే ప్రశ్న. ఆపరేటరు జీతం, కరెంటు బిల్లు భారమై రాత్రిళ్లు ఆపేసేచోట్లు ఉంటాయి. శుద్ధి చేసిన నీళ్లు ఫ్లష్‌కు వస్తున్నాయా, ఆ నీటికి వాసన ఉందా అని ఉన్నవాళ్లను అడిగితే ఇట్టే తెలిసిపోతుంది.

వాసన మాట వచ్చింది కాబట్టి ఫ్యాక్టరీల సంగతి. బొల్లారం పారిశ్రామికవాడ, బాచుపల్లి వైపు మందుల ఫ్యాక్టరీలు ఈ ఊళ్లకు దగ్గర. ఘాటు వాసన పగలు తెలియదు. ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, వాయువులు చెదిరిపోతాయి. చలికాలం రాత్రుల్లో నేల దగ్గరి గాలి చల్లబడి, పైన వెచ్చని గాలి మూతలా నిలుస్తుంది. వాసన కిందే ఉండిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము అయిదు మధ్య వెళ్లి చూస్తేనే తెలుస్తుంది. చిన్నపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే ఈ పరీక్ష మానొద్దు.

ప్రయాణం గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అది మీ ఆఫీసు ఎక్కడన్నదాన్ని బట్టి ఉంటుంది. మియాపూర్ నుంచి ఎల్‌బీనగర్ వరకు మెట్రో 29 కిలోమీటర్లు. అమీర్‌పేట, నాంపల్లి, మలక్‌పేట వైపు పనిచేసేవాళ్లకు మియాపూర్‌ను మించింది లేదు, అక్కడే బండి ఎక్కుతారు కాబట్టి సీటూ దొరుకుతుంది. బాచుపల్లి వాళ్లకు మాత్రం స్టేషనుకు వచ్చే అయిదారు కిలోమీటర్లే గండం. కారున్నవాళ్లు మల్లంపేట దగ్గర ఔటర్ ఎక్కి గచ్చిబౌలి వైపు పోవచ్చు, దానికి టోలు లెక్కేసుకోవాలి. బాచుపల్లిలో ఇంజినీరింగు కాలేజీలు, కార్పొరేటు హాస్టళ్లు ఎక్కువ. బస్సులన్నీ ఒకే గంటలో రోడ్డెక్కుతాయి. నిజాంపేటకు ఉన్న ప్రధాన రోడ్డు ఒక్కటే, అది ఆగితే ఊరంతా ఆగుతుంది. ఆదివారం బయల్దేరి "ఇరవై నిమిషాలే" అనుకోకండి. మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకరోజు ఎనిమిదిన్నరకు ఆ ఇంటి గేటు నుంచి బయల్దేరి చూడండి. సాయంత్రం తిరుగు ప్రయాణం కూడా చూడాలి, చాలాసార్లు అదే ఎక్కువ సమయం తింటుంది.

ఇన్ని చూశాక నా అభిప్రాయం ఏమిటంటే, ఉద్యోగం మెట్రో దారిలో ఉంటే, చిన్న ఫ్లాటైనా సరే మియాపూర్ లేదా జేఎన్‌టీయూ వైపు ఉన్న వీధులు. పెద్దవాళ్లు, పిల్లలు ఇంట్లో ఎక్కువ సేపు ఉండేవాళ్లకు ప్రగతినగర్, చెరువు గట్టుకు దూరంగా. ఫైనాన్షియల్ డిస్ట్రిక్టుకు కారులో పోయేవాళ్లకు బాచుపల్లి, రాత్రి వాసన చూసుకున్న తర్వాతే. నిజాంపేటలో ఎత్తు మీద మంచి వీధులున్నాయి, బేరం కూడా కుదురుతుంది. అక్కడ మాత్రం సెల్లారులోకి దిగకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

కొనడానికి తొందర లేనివాళ్లు అదే వీధిలో ముందు అద్దెకు ఉండండి. పదకొండు నెలల అగ్రిమెంటు మార్చిలో మొదలుపెడితే ఎండ, వాన, చలి మూడూ అందులోనే వస్తాయి. బడులు తెరిచేటప్పటికని జూన్‌లో మొదలుపెడితే మే నెల తప్పిపోతుంది. నీళ్ల విషయంలో అసలు చూడాల్సింది ఆ నెలే.