సౌండ్ సరే, సీల్ సంగతి చూడండి
(ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఇంజనీర్స్ డే సందర్భంగా చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా ఉన్న పిల్లలకు నమస్కారం. ప్రిన్సిపాల్ గారు నా గురించి చెప్పినదాంట్లో సగం ఆయన అభిమానం, మిగతా సగం నా వయసు. విశ్వేశ్వరయ్య గారి ఫొటోకి దండ వేశాం, దీపం వెలిగించాం. ఇక కారు దగ్గరికి వెళ్దాం.

మాజ్డా 787బి. జపాన్ కంపెనీ మాజ్డా చేసిన, రోటరీ ఇంజిన్‌తో నడిచే రేసు కారు. పేరు విన్నవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారే! ఎలా తెలుసమ్మా? వీడియోలో సౌండ్ విన్నారు, అంతేగా? అదే నా బాధ. నేను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పినన్నాళ్ళూ రోటరీ ఇంజిన్ అంటే ఐదు మార్కుల షార్ట్ నోట్. బొమ్మ గీసి నాలుగు పేర్లు రాస్తే అయిపోయేది. ఇప్పుడేమో అది రింగ్‌టోన్ అయింది.

1991 జూన్, ఫ్రాన్స్‌లో లే మాన్స్, 24 గంటల రేసు. నారింజ, ఆకుపచ్చ రంగుల 55వ నంబరు 787బి 19వ స్థానం నుంచి బయల్దేరింది. పోటీలో మెర్సిడెస్, జాగ్వార్, పోర్షే, ప్యూజో. అంతకుముందు ఏడాది మాజ్డా తెచ్చిన రెండు 787లూ మధ్యలోనే ఆగిపోయాయి. దీన్నెవరు లెక్కలోకి తీసుకుంటారు?

ఇంజిన్‌లో పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. మూడు పక్కలు ఉబ్బిన రోటర్ ఒకటి, నడుము దగ్గర కాస్త నొక్కినట్టుండే గదిలో తిరుగుతుంది. అలాంటివి నాలుగు, ఒకే షాఫ్ట్ మీద వరుసగా. ఒక్కోటి 654 సీసీ, మొత్తం 2.6 లీటర్లు. టర్బో లేకుండానే 9,000 ఆర్‌పీఎమ్ దగ్గర 700 హార్స్‌పవర్. మీరు విన్న ఆ కేక దీనిదే. దాన్ని కాసేపు పక్కన పెట్టండి.

రోటర్ మూడు కొనల్లోనూ సన్నటి పట్టీలుంటాయి, ఎపెక్స్ సీల్స్ అంటాం. ఇదిగో, ముందు వరుసకి ఇస్తున్నాను, చూసి వెనక్కి పంపండి. అమెరికాలో ఉన్న నా పాత విద్యార్థి ఒకడు తన ఆర్ఎక్స్-7 (అదీ మాజ్డా రోటరీ కారే) ఇంజిన్ విప్పినప్పుడు తీసి పంపాడు. 80 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం. పైఅంచు మీద వేలు పెట్టండి, కొంచెం గుండ్రంగా తగులుతుంది. గోడని రాసుకుంటూ తిరిగేది ఆ అంచే. కంప్రెషన్, అంటే లోపల నొక్కిన గాలి, పెట్రోలు ఒత్తిడి, నిలిచేది అక్కడే, పోయేదీ అక్కడే.

1960ల మొదట్లో హిరోషిమాలో మాజ్డా ఇంజినీరు కెనిచి యమమోటో టీము ఈ పట్టీతోనే తల బద్దలు కొట్టుకుంది. జర్మనీ ఎన్ఎస్‌యూ కంపెనీ దగ్గర లైసెన్స్ కొని తెచ్చిన ఇంజిన్ అది. కాసేపు తిప్పగానే లోపలి గోడ మీద అడ్డంగా గీతలు పడేవి. దెయ్యం గోళ్ళతో గీకిందనేవారు. సీల్ వణకడం వల్ల వచ్చిన గీతలవి. కార్బన్‌తో అల్యూమినియం కలిపి చేసిన సీల్‌తో గట్టెక్కి 1967లో కాస్మో స్పోర్ట్ అనే రోటరీ కారుని అమ్మకానికి పెట్టారు. లే మాన్స్ కారుకి వచ్చేసరికి సీల్ సిరామిక్ అయింది.

సీల్‌తోనే అయిపోలేదు. రోటరీలో మంట అంటుకునే చోటు పొడుగ్గా, పలచగా ఉంటుంది. మంట చివరిదాకా పోదు, పెట్రోలు వృథా. ఆ రోజుల్లో రేసుకింత పెట్రోలని కొలిచి ఇచ్చేవారు, తాగుబోతు ఇంజిన్‌కి అక్కడ బతుకు లేదు. అందుకే ఒక్కో రోటర్‌కి మూడు స్పార్క్ ప్లగ్గులు పెట్టారు. గాలి పీల్చే గొట్టాల్ని వేగాన్ని బట్టి పొడుగ్గా, పొట్టిగా జరిగేలా చేశారు. పెద్ద ఆర్‌పీఎమ్‌లోనే కాదు, మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడూ లాగేలా. కుర్రాళ్ళూ, రాసుకోవాల్సింది ఇది, హార్స్‌పవర్ అంకెని కాదు.

డ్రైవర్లు జానీ హెర్బర్ట్, ఫోల్కర్ వైడ్లర్, బెర్ట్రాండ్ గాషో. గాషో గురించి చెప్పకుండా ఉండలేను. లండన్‌లో ఒక టాక్సీ డ్రైవర్ మొహం మీద గ్యాస్ స్ప్రే కొట్టిన కేసులో ఆ ఆగస్టులోనే జైలుకెళ్ళాడు. ఫార్ములా వన్‌లో ఖాళీ అయిన అతని సీట్లో కూర్చున్న కుర్రాడు మైకేల్ షూమాకర్! సరే, దారి తప్పాను. బెల్ కొట్టకండి, ఇంకో రెండు మాటలు.

ఆ రేసు గెలిచింది ఈ మాజ్డానే. బరువు తక్కువ కాబట్టి గెలిచిందంటారు. నిజమే, రూల్ ప్రకారం ఉండాల్సిన కనీస బరువు మెర్సిడెస్, జాగ్వార్‌లకి 1,000 కిలోలు, దీనికి 830. మాజ్డా మనిషి ఒహాషి పట్టుబట్టి తెచ్చుకున్న రాయితీ అది. మరి ప్యూజోలకి 750 కిలోలే కదా? అవి మొదటి కొన్ని గంటల్లోనే ఇంటికెళ్ళాయి! బరువే గెలిపిస్తే కప్పు వాళ్ళకి రావాలి.

గెలిచినందుకే రోటరీని నిషేధించారన్నది ఇంకో కథ. దయచేసి ఇది ఫార్వర్డ్ చేయకండి. 3.5 లీటర్ల పిస్టన్ ఇంజిన్ల రూల్ రేసుకి ముందే ఖాయమైంది. ఆ ఏడాది పాత కార్లని రానిచ్చారు కాబట్టి మాజ్డాకి అది ఆఖరి అవకాశం. అది తెలిసే దిగారు.

ఆదివారం మధ్యాహ్నం, రేసు ఇంకో మూడు గంటల్లో ముగుస్తుందనగా, ముందున్న మెర్సిడెస్ పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన రిపేర్లు చేసే చోటికి, వచ్చింది. ఒక చిన్న బ్రాకెట్ విరిగి నీళ్ళ పంపు ఆగింది, ఇంజిన్ వేడెక్కింది. ఆధిక్యం 55కి వచ్చింది. చివర్లో డ్రైవర్‌ని మార్చే రిస్కు తీసుకోలేదు, హెర్బర్ట్‌నే ఉంచారు. 362 ల్యాపులు పూర్తయ్యాక అతను కారు దిగి కుప్పకూలాడు, పోడియం ఎక్కలేకపోయాడు. వెనక మూడు జాగ్వార్లు. మాజ్డా మిగతా రెండు కార్లూ ఆరు, ఎనిమిది స్థానాల్లో ముగించాయి. అంటే మూడింటికి మూడూ నిలబడ్డాయి! తర్వాత గెలిచిన ఇంజిన్ విప్పి చూస్తే లోపల పెద్దగా అరుగుదలే లేదు.

సీల్ ఏ వరుసలో ఉంది? చివరి బెంచీలకి వెళ్ళిందా? అందరూ చూశాక ఇటు పంపండి బాబూ, నా దగ్గర ఇంకోటి లేదు. ఆ, ఎర్ర చొక్కా అబ్బాయి ఏదో అడగాలంటున్నాడు, మైక్ ఇవ్వండి.